సూర్యాస్తమయం కోసం భీమిలి వెళ్లకండి

ప్రశ్న: మాది కరీంనగర్. ఉద్యోగరీత్యా ఏడాదిగా విశాఖపట్నం మధురవాడలో ఉంటున్నాం. డిసెంబరు మధ్యలో అత్తమ్మ, మామయ్య వచ్చి జనవరి చివరి దాకా మా దగ్గరే ఉంటారు. మామయ్యకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. బాబుకు తొమ్మిదేళ్లు. మాకు ఆదివారాలే ఖాళీ. ఉత్త బీచ్, బజ్జీలు కాకుండా పాత చర్చీలు, స్మారకాలు, సముద్రపు ఒడ్డు ఊళ్లు చూపించాలని ఉంది. మెదక్ చర్చి అందరం చూశాం. ఒక ఆదివారం పాతనగరం చర్చి, కురుసుర సబ్‌మెరైన్, తర్వాత భీమిలి చూసి, అక్కడే సముద్రంలో సూర్యాస్తమయం చూసి రావాలనుకుంటున్నాం. ఇంకో ఆదివారం పొద్దున్నే యానాం వెళ్లి రాత్రికి తిరిగి రావాలని ఆలోచన. ఇది కుదురుతుందా? మేం హిందువులం. చర్చిలోకి రానిస్తారా? ఫొటోలు తీసుకోవచ్చా?

జవాబు: ముందు సూర్యాస్తమయం సంగతి తేల్చేద్దాం. మీకిక్కడ సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం మీ వీపు వెనక కొండల చాటుకు పోతాడు. గోవా ఫొటోలు చూసి వచ్చినవాళ్లు సాయంత్రం అయిదున్నరకి భీమిలి ఒడ్డున నిలబడి చూస్తే కనిపించేది మసకబారుతున్న నీళ్లే. పైగా కరీంనగర్ కంటే విశాఖలో పొద్దు దాదాపు పావుగంట ముందే గుంకుతుంది, మనం దేశానికి అంత తూర్పున ఉన్నాం కాబట్టి. డిసెంబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం 6:20 ప్రాంతంలో, అస్తమయం 5:25 లోపే. సంక్రాంతికి అవి 6:30, 5:40 అవుతాయి. అంటే మీ చేతిలో ఉన్నది పదకొండు గంటల వెలుగు. అందులో మధ్యాహ్నం భోజనం, పెద్దాయన నడుం వాల్చడం, పిల్లాడి బాత్‌రూమ్ తీసేస్తే చూడ్డానికి మిగిలేది ఆరు గంటలు.

అందుకే మీ మొదటి ప్రణాళికను రెండు ముక్కలు చేయండి. ఆదివారానికి ఒక్క ఊరు. పాతనగరం, కురుసుర ఒక రోజు. భీమిలి ఇంకో రోజు. దూరాలు చూసి ‘ముప్పై కిలోమీటర్లేగా’ అనుకుంటారు గానీ ఇక్కడ రోజును నడిపేది కిలోమీటర్లు కాదు. ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్న రెండే నడుపుతాయి.

భీమిలితో మొదలుపెడదాం. మీరడిగిన మూడూ ఒకే చోట, నడిచేంత దూరంలో ఉన్న ఊరు అదే. చర్చి ఉంది, సమాధులున్నాయి, ఊరే సముద్రం ఒడ్డున ఉంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘమైంది. తర్వాత ఇక్కడి రేవు నుంచి గోగునార ఎంతగా ఎగుమతయ్యిందంటే, విదేశీ మార్కెట్లో దాని పేరే ‘బిమ్లీ జనుము’. గోంగూర ఆకు కోసుకుని మిగతాది పారేసే మనకు ఆ నార మీద ఒక రేవు బతికిందంటే వింతగానే ఉంటుంది. 1933లో విశాఖలో లోతైన ఓడరేవు తెరిచాక భీమిలి వెనకబడిపోయింది. ఆ వెనకబాటే మనకు మేలు చేసింది. ఊరి నడిబొడ్డు పెద్దగా మారలేదు, గడియారస్తంభం, ఇరుకు వీధులు, పెంకుటిళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి.

మధురవాడ నుంచి ఆరు గంటలకల్లా బయల్దేరండి. రుషికొండ వైపు దిగి బీచ్ రోడ్డు పట్టుకుంటే ముప్పావుగంట. సొంత బండి లేకపోతే రైల్వేస్టేషన్ వైపు నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఉంది. పెద్దాయనతో ఆదివారం పొద్దున సీటు దొరుకుతుంది గానీ సాయంత్రం తిరుగు బస్సులో నిలబడాల్సి రావచ్చు. పొద్దున్నే ఒడ్డున పడవలు దిగుతుంటాయి. చేపల వేలం, వలలు దులపడం ఏడున్నర దాటితే సద్దుమణుగుతుంది. బాబుకి ముందు అది చూపించండి. పడవ లాగే తాళ్లకు అడ్డం నిలబడకుండా చూసుకోండి. తాడు బిగిసినప్పుడు కాలికి చుట్టుకుంటే మనిషి పడిపోతాడు.

ఏడు నుంచి ఎనిమిదింపావు దాకా సమాధులు. యూరోపియన్ల శ్మశానాలు రెండున్నాయి. ఒకదాన్ని హాలండర్స్ గ్రీన్ అంటారు, రెండోది ఫ్లాగ్‌స్టాఫ్. అంత పొద్దున్నే శ్మశానమేమిటని అత్తమ్మ ముఖం చిట్లించవచ్చు. కారణం చెప్పండి. రాతి మీద అరిగిపోయిన అక్షరాలు నెత్తి మీద ఎండలో కనిపించవు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వెలుతురు పక్కనుంచి రాతి మీద జారుతుంది, ప్రతి గీత అంచునా నీడ పడి అక్షరం తేలుతుంది. చలికాలంలో ఆ ఏటవాలు వెలుతురు తొమ్మిది లోపు బాగా ఉంటుంది, మళ్లీ మూడున్నర తర్వాతే వస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లినవాళ్లు ‘ఏమీ చదవలేకపోయాం, అంతా చెరిగిపోయింది’ అంటారు. చాలావరకు చెరిగిపోలేదు, వాళ్లు వెళ్లిన వేళ తప్పు.

సరైన వేళలోనూ చదవలేకపోతే ఒక చిన్న ఉపాయం. గొడుగు తెరిచి రాతి మీద ఎండ పడకుండా నీడ చేయండి. ఫోను టార్చి వెలిగించి రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టండి. టార్చిని ఒకసారి ఎడమనుంచి, ఒకసారి పైనుంచి తిప్పితే ఎడమనుంచి కనిపించని గీతలు పైనుంచి కనిపిస్తాయి. బాబుకి ఇదో ఆట. సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోసి తుడవడం, నూనె రాయడం మాత్రం వద్దు. సముద్రపు గాలిలోని ఉప్పు రాతి రంధ్రాల్లో చేరి ఉంటుంది. నీళ్లు పోస్తే కరుగుతుంది, ఆరేటప్పుడు మళ్లీ పలుకు కడుతుంది, ఆ పలుకులు ఉబ్బి రాతి పైపొరను పెచ్చులుగా లేపేస్తాయి. మనం చదివే సుఖానికి ఇంకో వందేళ్ల ఆయుష్షు పోతుంది.

డచ్చి రాకపోయినా సమాధిరాళ్ల మీద మామూలుగా వచ్చే మాటలు డజనుకు మించవు. ‘హియర్ లైట్ బెగ్రావెన్’ అని మొదలైతే ఇక్కడ పూడ్చిపెట్టారని. ‘కోప్‌మన్’ అంటే వర్తకుడు, డచ్చి ఈస్టిండియా కంపెనీలో అదొక హోదా. ‘ఓపర్‌హోఫ్ట్’ అంటే ఆ వర్తక స్థావరానికి పెద్ద. ‘హైస్‌వ్రౌ’ అంటే భార్య. ‘ఔట్’ అని ఉండి పక్కన అంకె ఉంటే అది వయసు. ‘యారెన్’ ఏళ్లు, ‘మాండెన్’ నెలలు, ‘దాగెన్’ రోజులు. చాలామంది బోల్తా కొట్టే చోటు తేదీల్లో ఉంది. పాతకాలపు రాతలో 8 అంకె వేసి పక్కన ‘బెర్’ అని ఉంటే అది ఆగస్టు కాదు, అక్టోబరు. లాటిన్‌లో అక్టో అంటే ఎనిమిది, పూర్వం ఏడాది మార్చితో మొదలయ్యేది. అలాగే 7 బెర్ సెప్టెంబరు, 9 బెర్ నవంబరు, ఎక్స్ అక్షరం పక్కన బెర్ ఉంటే డిసెంబరు. పుర్రె, ఎముకలు చెక్కి ఉంటే పిల్లాడికి దెయ్యం కథలు చెప్పకండి. ఎవరైనా పోవాల్సినవాళ్లేనని గుర్తుచేయడానికి ఆ కాలంలో యూరపులో అందరూ చెక్కించుకున్న బొమ్మలవి. ఇసుక గడియారం చెక్కినా అర్థం అదే.

గోపురాల్లా, మొనదేలిన స్తంభాల్లా ఎత్తుగా కనిపించే కట్టడాలు ఇటుక, సున్నంతో కట్టినవి. వాటి మీద కూర్చోవడం, ఆనుకోవడం, పిల్లల్ని ఎక్కించి ఫొటో తీయడం వద్దు. మర్యాద సంగతి అటుంచి, వేర్లు చొరబడి బీటలు వారిన ఇటుకలు పెద్దాయన బరువుకు ఊడి రావచ్చు. గడ్డి పెరిగి ఉంటుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చలికాలమని పాములుండవనుకోవద్దు, పొద్దున ఎండ కాచుకోడానికి రాళ్ల మీదకే వస్తాయి. గేటు తాళం వేసి ఉంటే గోడ దూకకండి. పక్క దుకాణంలో అడిగితే తాళం ఎవరి దగ్గరుంటుందో చెబుతారు. ఆయన రావడానికి పట్టే అరగంటలో టిఫిన్ కానివ్వండి.

ఆదివారమే ఖాళీ అని దిగులు పడుతున్నారు గానీ, చర్చి విషయంలో ఆదివారం మీకు కలిసొస్తుంది. సెయింట్ పీటర్స్ చర్చి 1864 నాటిది. మామూలు రోజుల్లో తలుపులు వేసి ఉండే అవకాశమే ఎక్కువ. ఆదివారం ఆరాధన ఉంటుంది కాబట్టి తలుపులూ తెరిచి ఉంటాయి, తాళంచెవి ఉన్న మనిషీ అక్కడే ఉంటాడు. కుదిరితే శనివారం సాయంత్రమే ఎవరితోనైనా ఆరాధన వేళలు కనుక్కోండి. క్రిస్మస్ ముందు వారాల్లో అవి మారుతుంటాయి. ఆరాధన ముగిశాక జనం పలకరించుకుంటూ పదిహేను, ఇరవై నిమిషాలు ఆవరణలోనే ఉంటారు. ఆ సందులో వెళ్లి, ‘పాస్టరుగారూ, గుడి లోపల చూసుకోవచ్చా అండీ’ అని అడగండి. కాదనేవాళ్లు అరుదు. అరగంట ఆలస్యమైతే తాళం పడిపోతుంది, అంతే.

మతం ఎవరూ అడగరు. ఆరాధన జరుగుతుండగా వెళ్లినా వెనక వరసలో కూర్చోవచ్చు, మధ్యలో లేచి తిరక్కూడదు. చాలా తెలుగు సంఘాల్లో చెప్పులు బయటే విడుస్తారు, ఆడవాళ్లు కొంగు తల మీదికి వేసుకుంటారు, ఆడా మగా చెరోవైపు కూర్చుంటారు. గుమ్మం దగ్గర చెప్పులు కనిపిస్తే మీరూ విడవండి. కనిపించకపోతే బూట్లతోనే వెళ్లొచ్చు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఘట్టంలో లేచి వరసలోకి వెళ్లకండి. అది మన తీర్థప్రసాదంలా వచ్చినవారందరికీ పంచేది కాదు, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. కేథలిక్ గుడిలో అయితే ఇది ఇంకా పట్టింపు. మామయ్య చేయి చాచాక కాదనడం ఇచ్చేవాళ్లకూ ఇబ్బందే, ముందే చెప్పి తీసుకెళ్లండి. బలిపీఠం ముందున్న కటకటాలు దాటి లోపలికి అడుగుపెట్టకూడదు. మన గర్భగుడి గడప లాంటిదనుకోండి. వచ్చేటప్పుడు కానుకల పెట్టెలో ఎంతో కొంత వేయండి. పాత కప్పుల మరమ్మతు ఖర్చులో వాళ్లకు అదే ఆసరా.

ఫొటోలు అడిగే తీయండి, ప్రార్థన చేసుకుంటున్నవాళ్లను అసలు తీయొద్దు. రంగుటద్దాల కిటికీని ఫోనుతో తీస్తే అద్దం తెల్లగా పేలిపోయి గోడ మాత్రం చక్కగా వస్తుంది, లోపలి చీకటిని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది కాబట్టి. తెర మీద అద్దం ఉన్న చోట వేలితో నొక్కిపట్టి వెలుతురు తగ్గించండి. గోడ నల్లగా అయినా ఫరవాలేదు, రంగులు నిలుస్తాయి. ఫ్లాష్ వేస్తే రంగు మొత్తం చచ్చిపోతుంది. ఆంగ్లికన్ గుళ్లలో బలిపీఠం తూర్పున ఉండడం ఆనవాయితీ. కాబట్టి దాని వెనక కిటికీకి పొద్దుటి ఎండ తగిలితేనే అందం. మధ్యాహ్నం దాటాక అదే కిటికీ బూడిదరంగులో ఉంటుంది.

ఒక్క మాట. మీరు మెదక్ చూశామన్నారు. పదేళ్లు కట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన, అయిదువేలమంది పట్టే ఆ కట్టడం కొలతతో భీమిలి చర్చిని చూస్తే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఇది ఓ చిన్న రేవు ఊరిలోని కొద్దిపాటి తెల్లవాళ్ల కోసం కట్టుకున్న చిన్న గుడి. ఇక్కడ చూడాల్సింది ఎత్తు కాదు. గోడలకు బిగించిన స్మారక ఫలకాలు ఏమైనా ఉంటే ఒక్కొక్కటీ చదవండి. జ్వరంతో ఇరవై ఏళ్లకే పోయినవాళ్లు, ఓడ మునిగి పోయినవాళ్లు, ఏడాది నిండని పిల్లలు, ఆ కాలపు తెల్లవాళ్ల ఫలకాల్లో తరచు కనిపించేవి ఇవే.

పదకొండున్నర తర్వాత ఎండ చురుక్కుమంటుంది, శీతాకాలమైనా. మధ్యాహ్నం 28 డిగ్రీల దాకా వెళ్తుంది. భోజనం ఇంటినుంచే పులిహోర, దద్దోజనం తెచ్చుకోవడం మేలు. ఆదివారం మంచి హోటళ్లలో గంట నిలబడాలి, అది పెద్దాయన మోకాళ్లకు సమాధుల కంటే పెద్ద పరీక్ష. బీచ్ దగ్గర తేగలు (తాటి టెంకలు పాతితే వచ్చే మొలకలు) అమ్ముతుంటే కొనండి. ఇదే వాటి కాలం. పచ్చివి కాదు, ఉడికించినవో కాల్చినవో అడిగి తీసుకోండి. రెండుగా చీల్చి మధ్యలోని చందమామను పిల్లాడికివ్వండి, పీచు ఉమ్మేయాలని చెప్పండి. కరీంనగర్‌లో ఈతచెట్టు, తాటిచెట్టు తెలిసినంతగా తేగ తెలియకపోవచ్చు.

భోజనమయ్యాక 1868 నాటి దీపస్తంభం బయటినుంచి చూసి, తిరుగు ముఖం పట్టండి. ఊరి మీదున్న నరసింహస్వామి కొండను, అక్కడే ఉన్న పావురాలకొండ బౌద్ధ శిథిలాలను మీ ఇద్దరూ బాబుతో ఎక్కొచ్చు గానీ మామయ్యకు వద్దు. ఆయన కోసం దారిలో తొట్లకొండ ఉంది. కారు పైదాకా వెళ్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరు. స్తూపాల పునాదులు, విహారాల గదుల గోడలు, కింద సముద్రం. నీడ ఉండదు కాబట్టి మూడున్నరకు ముందు వద్దు. అస్తమయం చూడాలన్న కోరిక ఉంటే అది కొండల వైపు తిరిగి తీర్చుకోవాలి, నీళ్ల వైపు కాదు.

ఇక సముద్రంలో దిగడం. శీతాకాలంలో వానాకాలం కంటే నెమ్మదిగా ఉంటుంది, అందుకే మోసపోతారు. ఒడ్డున అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట విరగకుండా నల్లని చారలా కనిపిస్తుంది. ‘ఇక్కడ ప్రశాంతంగా ఉంది’ అని పిల్లల్ని అక్కడే దింపుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా లోపలికి తిరిగి వెళ్లే దారి అది. అందులో పడ్డవాడు ఒడ్డు వైపు ఈదితే అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది చార దాటాక తిరగాలి. భీమిలిలో ఇంకో చిక్కుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర ఇసుక తిన్నెలు చోటు మారుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉండొచ్చు, ఆటుకు నీరు బయటికి లాగుతుంటుంది. మోకాలు దాటి ఎవరూ దిగొద్దు, అక్కడైతే కాలు తడుపుకోడానికి కూడా వద్దు. పత్రికల్లో ‘భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక’ అన్న వార్త కనిపించిన వారం ఒడ్డు మాటే ఎత్తకండి. డిసెంబరులోనూ తుపాన్లు వస్తాయి.

రెండో ఆదివారం విశాఖ పాతనగరం. మీ కారు మధురవాడలోనో ఆర్కే బీచ్ దగ్గరో వదిలేసి ఆటోలో వెళ్లండి, వన్‌టౌన్ సందుల్లో బండి పెట్టే చోటు కోసం తిరిగితే సగం పొద్దు పోతుంది. రాస్ హిల్ మీది మేరీమాత గుడి దగ్గరకు ఎనిమిదికల్లా చేరండి. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనామందిరమైంది, కొండకు ఆయన పేరు మిగిలింది. పక్క పక్క కొండల మీద వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా ఉన్నాయి. పైనుంచి ఓడలు రేవులోకి వచ్చే కాలువ కనిపిస్తుంది. చూడండి గానీ నౌకాదళం ఓడల వైపు, రేవు వైపు కెమెరా పెట్టకండి, ఎవరైనా వచ్చి ఫోను అడిగితే వాదన మొదలవుతుంది. డిసెంబరు 8 కొండగుడి పండుగ. ఆ రోజు, దాని ముందూ వెనకా రోజులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ జనంలో ఇమడలేరు. మీ వాళ్లు ఆ తర్వాతే వస్తున్నారు కాబట్టి బెంగలేదు.

పాతనగరం పదకొండుకల్లా ముగించి, ఇంటికెళ్లి భోంచేసి, సాయంత్రం స్మారకాలు పెట్టుకోండి. కురుసుర సోమవారం మూసి ఉంటుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు తర్వాతే తీస్తారు, ఆదివారం పొద్దున కూడా కొంతసేపు ఉంటుంది. కానీ ఆదివారం సాయంత్రం వరస బీచ్ రోడ్డు దాకా వస్తుంది, రెండింటికి తెరవగానే మొదటి గుంపులో ఉండండి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది, పొడవు 91 మీటర్ల పైచిలుకు. మామయ్య విషయంలో మా సలహా నిక్కచ్చిగా ఒకటే. లోపలికి పంపకండి. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఉక్కు తూములున్నాయి. తల వంచి, ఒక కాలు మోకాలి ఎత్తుకు లేపి అవతల వేసి, రెండో కాలు లాక్కోవాలి. వెనక జనం తోసుకొస్తుంటారు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. ఇరుకుచోట్లంటే భయమున్నవాళ్లకూ అంతే. ఆయన్ని, అత్తమ్మను ఎదురుగా ఉన్న టీయూ-142 విమాన మ్యూజియం కింది హాల్లో కూర్చోబెట్టి మీరు ముగ్గురూ వెళ్లి రండి.

చీకటి పడే వేళకు ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గరకు నడవండి. 1971 యుద్ధ విజయం గుర్తుగా 1996లో కట్టింది. బయటే ఉంటుంది, మెట్ల బాధ తక్కువ, దీపాలు వెలిగాక బాగుంటుంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మీ ఎదుట కనిపించే ఆ నీళ్లలోనే. బాబుకి ఈ కథ కురుసుర లోపలికి వెళ్లక ముందు చెప్పకండి. ఆ ఇరుకు గదుల్లో మనుషులు ఎలా నిద్రపోయేవాళ్లో చూశాక చెబితే వాడికే అర్థమవుతుంది. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఏ ఏడాదైనా విన్యాసాలు ఇక్కడే పెడితే దానికి కొన్ని రోజుల ముందు నుంచే బీచ్ రోడ్డు మీద రిహార్సళ్లు, దారి మళ్లింపులు ఉంటాయి.

యానాం గురించి కాదనే చెప్పాలి, ఒక్కరోజులో అయితే. కాకినాడ నూట యాభై కిలోమీటర్లు, అక్కణ్నించి యానాం ఇంకో ముప్పై. పోను రాను మూడు వందల అరవై, అంటే కారులోనే ఏడు గంటలు. పదకొండు గంటల వెలుగులో మిగిలేది నాలుగు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏడు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చుంటే మర్నాడు మంచం దిగలేరు. శనివారం మధ్యాహ్నం రైల్లో సామర్లకోట చేరి, కాకినాడలో రాత్రి ఉండి, ఆదివారం పొద్దున్నే యానాం వెళ్తే అది వేరే సంగతి. పద్దెనిమిదో శతాబ్దం నుంచి 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న తెలుగు ఊరు, 1846లో పూర్తయిన కేథలిక్ గుడి, దారిలో కోరంగి మడ అడవులు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవును 1839 నవంబరు తుపాను తుడిచిపెట్టేసింది. యానాం సముద్రం ఒడ్డున కాదు, గౌతమీ గోదావరి ఒడ్డున ఉందని అత్తమ్మకు ముందే చెప్పండి. ఇంకోటి, అది పుదుచ్చేరి ప్రాంతం, మందు చవక. ఆదివారం సాయంత్రం సరిహద్దులో బళ్లు ఆపి చూస్తారు. నాలుగింటికల్లా దాటేయండి.

తేదీల్లో జాగ్రత్త. జనవరి 1, కనుమ, ముక్కనుమ, ఈ మూడు రోజులు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు కదలదు. మీ కరీంనగర్‌లో కనుమకు ఊరి బయటకు వెళ్లినట్టు ఇక్కడ ఊరంతా సముద్రం ఒడ్డుకే వస్తుంది. క్రిస్మస్ ముందు ఆదివారం చర్చి అలంకరణ బాగుంటుంది, కానీ ఆరాధన పొడుగు, జనం ఎక్కువ. తీరిగ్గా ఫలకాలు చదవాలంటే జనవరి మూడో, నాలుగో ఆదివారం మంచిది. అప్పటికి నక్షత్రాలు, పశువుల పాక బొమ్మలు తీసేసి ఉంటారు, బాబుకి అవి ముఖ్యమైతే పాతనగరం డిసెంబరులో, భీమిలి జనవరిలో పెట్టుకోండి.

సంచిలో గొడుగు, మంచినీళ్లు, మామయ్యకు మంకీ క్యాప్, మడత కుర్చీ ఒకటి. పొద్దున ఒడ్డున తడిగాలి చెవుల్లోకి కొడుతుంది. కళ్లజోడు తుడవడానికి మెత్తని గుడ్డ, మంచినీళ్లతో తడిపి తుడవండి. ఉప్పు పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. భీమిలిలో ఆడవాళ్లకు శుభ్రమైన బాత్‌రూమ్ దొరకడం కష్టం. టిఫిన్ చేసే హోటల్‌ను అది చూసే ఎంచుకోండి, రుచి తర్వాత.